క్రొత్త నీటి పాఠము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసం)



ఇరవైఅయిదు సంవత్సరాలుగా ఈ గ్రామంలో విజ్ఞానదీపాన్ని ఆరనీయక కాపాడుకొంటూ వచ్చిన ఈ సంస్థ రజతోత్సవంలో నాలుగు మాటలు చెప్పే అవకాశం కలిగించినందుకు నిర్వాహకులకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు. ఇట్టి సభలలో ఉపన్యాసకులు సామాన్యంగా గ్రంథాల మహిమను కొనియాడుతారు. అది ఉచితమే. అయితే నేను నేడు గ్రంథాలలో దొరకని ఒక విద్యను గురించి మాట్లాడదలచినాను. ఒక జాతివారు పుస్తకాల పెట్టెలు మోసుకొని క్రొత్త దేశం చేరినారు. ఆ దేశపు నీటిలో చేపలు పట్టడం మాత్రం వారికి తెలియలేదు. ఆ విద్యను వారు ఎవరివద్ద నేర్చుకొన్నారు, ఆ గురువులకు ఏమి చెల్లించినారు అన్నదే నా ప్రసంగ విషయం.

గ్రంథాలయ సభలో చేపల ప్రస్తావన ఏమిటని మీలో కొందరికి తోచవచ్చును. మన ఆంధ్రదేశంలో గ్రంథాలయానికీ నీటికీ చుట్టరికం పాతదే. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెం కేంద్రంగా కాలువలో పడవమీద పుస్తకాలు పెట్టించి ఊరూరికీ పంపిన సంగతి పెద్దలు ఎరుగుదురు. అంతకంటె దగ్గరి కారణం మరొకటి ఉన్నది. నేడు మన పల్లెలలో అనేక కుటుంబాలనుండి ఒకరో ఇద్దరో పరదేశాలకు పోయి ఉన్నారు. పోయినవారు అక్కడి నీటికి, గాలికి, మనుషులకు శిష్యులు కావలసినదే. అట్లా శిష్యరికం చేసిన ఒక చిన్న జాతి చరిత్ర మనకు ఉపయోగపడుతుందని నా నమ్మకం.

ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంలో, ఉత్తర ధ్రువవృత్తానికి కొంచెం దిగువగా, ఐస్‌లాండు అనే ద్వీపం ఉన్నది. అది అగ్నిపర్వతాలకు, హిమనదాలకు ఆటపట్టు. అక్కడ చెట్లు అరుదు. పైరు పండే నేల తక్కువ. గొఱ్ఱెల మందలు, సముద్రం — ఈ రెండే ఆ ప్రజలకు తరతరాల జీవనాధారం. ఆరేసి ఎనిమిదేసి తెడ్ల నావలలో కడలిమీదికి పోయి, గాలాలతో కాడ్ అనే చేపను పట్టి, గాలికి ఎండబెట్టి ఏడాది పొడుగునా తినేవారు. ఆ జాతికి చదువు అన్నా ప్రాణం. శీతకాలపు దీర్ఘరాత్రులలో ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి ఉన్ని ఏకుతూ, వడుకుతూ ఉండగా, ఒకరు బిగ్గరగా పుస్తకం చదివేవారు. మన పల్లెలలో అరుగుమీద ఒకరు భారతం చదువుతూ ఉంటే పదిమంది చేరి వినే ఆచారం వంటిదే ఇది.

పందొమ్మిదవ శతాబ్దం ఉత్తరార్ధంలో ఆ దేశానికి గడ్డురోజులు వచ్చినవి. చలి ముదిరి మేత కరవైనది. కుటుంబాలు పెరిగినవి గాని నేల పెరగలేదు. 1875 మార్చి నెలాఖరున అస్క్యా అనే అగ్నిపర్వతం బ్రద్దలై తూర్పు ప్రాంతపు పచ్చికబయళ్ళను బూడిదతో కప్పివేసినది. అప్పటికే కొందరు అమెరికా ఖండం చేరి ఉన్నారు. వారిలో ఒక వర్గం కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో రైలుమార్గపు పనులు చేసి, అక్కడ కుదురుకొనలేక, తమదైన చోటు కోసం వెదకుతూ ఉన్నది. వారి ప్రతినిధులు 1875లో పడమటి దిక్కుకు పోయి విన్నిపెగ్ అనే మహాసరస్సు పశ్చిమతీరాన్ని ఎన్నుకొన్నారు. అక్కడ కలప ఉన్నది; ఆ యేడు మైదానాలను నాశనం చేసిన మిడతల దండు అక్కడ లేదు; అన్నిటికంటె ముఖ్యంగా, సరస్సు నిండా చేపలున్నవి. చేపలు పట్టడంలో తాతతండ్రులనాటినుండి ఆరితేరిన మనకు ఇక ఆకలి ఏమిటని వారు అనుకొని ఉంటే అందులో వింత లేదు.

1875 అక్టోబరు 21వ తేదీన వారు విల్లో పాయింట్ అనే చోట దిగినారు. రెడ్ నది మీదుగా అడుగు చదునుగా ఉన్న పెద్ద పడవలలో వచ్చి, సరస్సులో ఒక ఆవిరి ఓడ లాగగా ఆ చోటు చేరినారు. ఇంకా ఉత్తరానికి పోవలెనని వారి సంకల్పం. కాని ఋతువు మించిపోయినది. శీతకాలం నెత్తిమీదికి వచ్చినది. దిగినచోటనే దుంగలతో గుడిసెలు కట్టుకొని, తమ ఊరికి గిమ్లీ అని పేరు పెట్టుకొన్నారు. వారి ప్రాచీన పురాణాలలో పుణ్యాత్ములు నివసించే స్వర్ణమందిరం పేరు అది. పేరు స్వర్గానిదే గాని, ఆ చలికాలం వారికి నరకాన్ని చూపినది.

ఆ సరస్సును గురించి కొంత వివరించక తప్పదు. దాని వైశాల్యం సుమారు 24,500 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేటిలో అభయారణ్యంగా ప్రకటించిన 308 చదరపు కిలోమీటర్ల మేరను లెక్కకు తీసుకొంటే, అట్టి కొల్లేళ్ళు దాదాపు ఎనభై అందులో ఇముడుతవి. అంత విశాలమైన సరస్సుకు లోతు మాత్రం స్వల్పం. సగటున 12 మీటర్లే. లోతు తక్కువ గనుక గాలి వీచినంతలోనే నిట్టనిలువు కెరటాలు ఒకదాని వెంట ఒకటి లేస్తవి. ఉత్తరపు గాలి ఒకటి రెండు దినాలు పట్టి వీస్తే నీరంతా దక్షిణపు గట్టుకు ఎగదోయబడుతుంది. గాలి ఆగగానే వెనుకకు మళ్ళుతుంది. ఐస్‌లాండు బెస్తలకు చంద్రుణ్ణి చూచి ఆటుపోటులు లెక్కించడం తెలుసును. ఈ సరస్సులో చంద్రుని లెక్క పనికిరాదు. నీటిని నడిపించేది గాలి. మహాసముద్రపు పెనుకెరటాలమీద నావ నడిపినవారికి కూడ ఈ మంచినీటి మడుగు పోకడ అంతుపట్టలేదు.

ఇంతకంటె పెద్ద చిక్కు మంచుగడ్డ. ఐస్‌లాండు అంటే మంచుదేశమని అర్థం. అయినను ఆ ద్వీపపు దక్షిణ, పశ్చిమ తీరాలను వెచ్చని సముద్రప్రవాహం ఒకటి ఒరుసుకొని పోతుంది గనుక అక్కడి సముద్రం శీతకాలంలోనూ గడ్డకట్టదు. పైగా చలికాలం చివరి నెలలే అక్కడ చేపల వేటకు మంచి అదను. సముద్రంమీద మంచుగడ్డలు కనిపించినవంటే అవి గ్రీన్లాండు వైపునుండి కొట్టుకొనివచ్చినవే. అవి వస్తే నావలు కదలవు, వేట నిలిచిపోతుంది, కరవు వస్తుంది. అందువల్ల వారి దృష్టిలో మంచుగడ్డ వేటకు శత్రువు. విన్నిపెగ్ సరస్సు సంగతి వేరు. నవంబరులో గడ్డకట్టితే మే నెలవరకు కరగదు. ఒక మీటరు మందాన గట్టిపడి, బండ్లు నడిచే నేలవలె ఉంటుంది. ఆ నేల క్రింద చేపలు యథాప్రకారం తిరుగుతూనే ఉంటవి. వాటిని అందుకోవడం ఎట్లా? తెచ్చుకొన్న వలల కన్నులు ఆ చేపల పరిమాణానికి సరిపడలేదు. నావను తేలవేయడానికి నీరే కనిపించదు. మొదటి శీతకాలంలో చేపలు బహుస్వల్పంగా పడినవి. చిన్నపిల్లలకు పాలు లేవు. తాజా ఆహారం లేక చిగుళ్ళు వాచే జబ్బు సోకినది. తరతరాల జాలరులు చేపల రాశిమీద నిలుచుండి ఆకలితో నకనకలాడినారు.

ఆ సరస్సు తీరాన తరతరాలుగా నివసిస్తున్న వారున్నారు. సోల్టో అని పిలువబడే ఒజిబ్వే తెగవారు, క్రీ తెగవారు. మంచుగడ్డ క్రింద వల పన్నడం వారికి వెన్నతో పెట్టిన విద్య. ఆ విద్యను ఐస్‌లాండువారు వారిని చూచి, అడిగి, చేతితో చేసి నేర్చుకొన్నారు. ఆ పద్ధతి ఇట్టిది. ముందుగా ఇనుప పలుగువంటి సాధనంతో మంచుగడ్డలో ఒక వరుసన రంధ్రాలు త్రవ్వుతారు. రంధ్రానికీ రంధ్రానికీ నడుమ ఉన్న ఎడంకంటె పొడవైన కఱ్ఱకు త్రాడు కట్టి, మొదటి రంధ్రంలో దించి, గడ్డ క్రిందుగా రెండవ రంధ్రంవైపు త్రోస్తారు. అక్కడ దానిని అందుకొని మూడవదాని వైపు నెట్టుతారు. ఈ విధంగా త్రాడు చివరిదాకా చేరిన పిదప, దానికి వలను కట్టి లాగుతారు. పై అంచున తేలే బెండ్లు, క్రింది అంచున బరువులు ఉండగా వల నీటిలో గోడవలె నిలుస్తుంది. చేప తల దూర్చి మొప్పలవద్ద చిక్కుకొంటుంది. మరునాడో మూడవనాడో వచ్చి, వల రెండవ కొసకు త్రాడు తగిలించి, ఇవతలి రంధ్రంనుండి వలను పైకి లాగుతారు. చేపలు తీసివేసిన తరువాత అవతలి త్రాడు లాగితే వల తిరిగి తన చోటికి పోతుంది. పట్టిన చేప గాలి తగిలిన కొద్దిసేపటికే కొయ్యవలె గడ్డకట్టుతుంది, ఉప్పుతో పనిలేదు.

వినడానికి ఇది సులభంగానే ఉన్నది. కాని గడ్డకట్టే చలిలో తడిచేతులతో ముళ్ళు విప్పడం ఒక విద్య. ఏ గడ్డ మనిషిని మోస్తుందో, ఏది మోయదో దాని రంగును, చప్పుడును బట్టి తెలుసుకోవడం మరొక విద్య. నదులు వచ్చి కలిసేచోట, ప్రవాహం వడిగా ఉండే ఇరుకులలో గడ్డ పలుచగా ఉంటుంది. అక్కడ అడుగు వేసినవాడు తిరిగి రాడు. ఏ చేప ఎప్పుడు ఎక్కడికి వస్తుందో తెలియడం అన్నిటికంటె పెద్ద విద్య. వైట్‌ఫిష్ అనే తెల్లచేప ఆకురాలు కాలం చివర గుడ్లు పెట్టడానికి తక్కువ లోతుకు చేరుతుంది. పికరెల్ అనే చేప వసంతంలో గడ్డ కరగగానే నదీముఖాలకు ఎక్కుతుంది. ఈ లెక్క ఐస్‌లాండు నుండి తెచ్చిన ఏ గ్రంథంలోనూ లేదు. ఆ తీరంలో పుట్టి పెరిగిన వృద్ధుల నాలుకమీద ఉన్నది. కుక్కలను కట్టిన జారుడు బండిమీద సరకు చేరవేయడంకూడ ఆ దేశపు పాఠమే.

సోదరులారా, ఇంతవరకు చెప్పినది సంతోషం కలిగించే కథ. ఇక చెప్పబోయేది బాధ కలిగించేది. దానిని విడిచిపెట్టి ఈ చరిత్రను చెప్పడం న్యాయం కాదు.

ఐస్‌లాండువారికి కెనడా ప్రభుత్వం వ్రాసి ఇచ్చిన భూమి ఖాళీభూమి కాదు. దాని ఉత్తరభాగంలో శాండీ బార్ అనేచోట స్థానిక తెగవారి పల్లె ఉన్నది. ఆ నది ఒడ్డు తమకే ఉండవలెనని వారు కోరుతూనే ఉన్నారు. వారి మొర ఆలకించకుండానే సరిహద్దులు గీయబడినవి. ఆ పల్లెవాడు జాన్ రామ్సే అనే వేటగాడు. 1876లో ఐస్‌లాండువారు కొందరు నది ఒడ్డున ఇల్లు కట్టుకోవడానికి రాగా, ఈ నేల మాదని అతడు వారి పడవను ఒడ్డునుండి వెనుకకు త్రోసినాడట. తగవు అధికారులదాకా పోయినది; తీర్పు అతనికి అనుకూలంగా రాలేదు. ఆ మీదట అతడు కక్ష పెంచుకొని ఉండవచ్చును. అట్లా చేయలేదు. ఆ వచ్చినవారికే వేటలోను, ఆహారం సంపాదించడంలోను అండగా నిలిచినాడు. ఐస్‌లాండువారి స్మృతులలోనే ఈ విషయం కృతజ్ఞతతో చెప్పబడి ఉన్నది.

ఆ 1876వ సంవత్సరంలోనే ఐస్‌లాండు నుండి సుమారు 1,200 మంది క్రొత్తగా వచ్చి చేరినారు. ఆ శరత్తులో మశూచి వ్యాపించినది. ఐస్‌లాండువారిలో సుమారు నూరుమంది మరణించినారు. వారిలో పిల్లలే హెచ్చు. ఆ వ్యాధికి బొత్తిగా తట్టుకొనలేని స్థానికులకు కలిగిన నష్టం అంతకంటె దారుణం. శాండీ బార్ పల్లె నామమాత్రావశిష్టమైనది. రామ్సే భార్య బెట్సీ ఆ వ్యాధిలోనే కన్నుమూసినది. అతడు ఆమె సమాధికి పాలరాతి ఫలకం తెప్పించి నిలిపినాడు. రాతి సమాధులు అపురూపమైన ఆ అడవిప్రాంతంలో ఒక వేటగాడు అంతటి ఫలకం నిలపడం సామాన్యం కాదు. తరువాత చాలా ఏండ్లకు, ఆ సమాధి చుట్టూ ఉన్న కంచె శిథిలం కాగా, రామ్సే తన కలలో కనిపించి కోరినాడని చెప్పి ఒక ఐస్‌లాండు వడ్రంగి దానిని బాగుచేసినాడని అక్కడివారు చెప్పుకొంటారు. కల సంగతి ఎట్లా ఉన్నా, ఋణం ఉన్నదన్న ఎరుక ఆ వడ్రంగి మనసులో ఉన్నది. ఆ సమాధి నేటికీ ఉన్నది.

ఇప్పుడు పుస్తకాల సంగతికి వస్తాను. మశూచి కారణంగా విధించిన కట్టుబాటు 1877 వేసవిలో తొలగినది. ఆ సెప్టెంబరులో కెనడా గవర్నర్ జనరల్ డఫరిన్ ప్రభువు ఆ వలసను చూడవచ్చినాడు. తరువాత మన దేశానికి వైస్రాయిగా వచ్చినది ఈయనే. ఎంత బీద గుడిసెలో అడుగుపెట్టినా, గోడలు ఎంత వెలవెలబోతూ ఉన్నా, ఇరవై ముప్పై పుస్తకాలు లేని ఇల్లు తనకు కనిపించలేదని ఆయన బహిరంగంగా ప్రశంసించినాడు. అదే నెల పదవ తేదీన వారు తమ భాషలో ఒక పత్రికను వెలువరించినారు. దాని పేరు ‘ఫ్రామ్‌ఫారి’. పురోగతి అని అర్థం. తినడానికి తిండి చాలని ప్రజలు వాటాలు వేసుకొని ముద్రణయంత్రం కొన్నారు. ఆ పత్రిక 1880 వరకే నడిచినది. అయినా వారు ఏమి పడినారో, ఏమి నేర్చుకొన్నారో నేడు మనం చెప్పుకోగలుగుతున్నామంటే అట్టి వ్రాతల వల్లనే.

గ్రంథం వారికి చేపలు పట్టడం నేర్పలేదు. నేర్చుకొనే అలవాటును మాత్రం ఇచ్చినది. నేర్చుకొన్నదానిని తరువాతివారికి దాచిపెట్టినది. ఆ అలవాటు ఫలించినది. 1880 దశాబ్దంలో సరస్సుమీద చేపల వర్తకం ఆరంభం కాగా ఐస్‌లాండువారు అందులో ప్రవేశించి, కొంతకాలానికి పడవల యజమానులుగా, వర్తకులుగా పేరు తెచ్చుకొన్నారు. ఇరవయ్యవ శతాబ్దంలో ఆ ప్రాంతపు జాలరులు మంచుగడ్డ క్రింద కఱ్ఱ త్రోసే శ్రమను తగ్గించే సాధనం ఒకటి వాడుకలోకి తెచ్చినారు. అది నీటిలో తేలి గడ్డకు అడుగున ఆనుకొనే పలక. త్రాడు లాగినప్పుడల్లా దానికున్న మీట గడ్డను తన్ని పలకను ముందుకు జరుపుతుంది. పాత విద్యమీద నిలిచి క్రొత్త యుక్తి చేయడం అంటే ఇదే. గిమ్లీ రేవులో నేటికీ చేపల పడవలున్నవి. అయితే పొలాలనుండి, పట్టణాలనుండి కొట్టుకొనివచ్చే ఎరువుల సారంతో నాచు పెరిగి ఆ సరస్సు నేడు జబ్బుపడి ఉన్నది. 2013లో ఒక అంతర్జాతీయ సంస్థ దానిని ఆ సంవత్సరపు ‘ప్రమాదంలో ఉన్న సరస్సు’గా ప్రకటించినది. నీటి పాఠం ఒక తరంతో ముగిసేది కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ కథ మనకు దూరం కాదు. పూరీ తీరంలో నోలియాలనే పేరుతో తెలుగు మాట్లాడే జాలరులు తరతరాలుగా అక్కడి అలలతో బ్రతుకుతున్నారు. శ్రీకాకుళం, విజయనగరం తీరాలనుండి మన బెస్తసోదరులు గుజరాతులోని వెరావల్ రేవుకు కూలికి పోతున్నారు. తూర్పు సముద్రంలో పెరిగినవారికి పడమటి సముద్రం క్రొత్త. అక్కడ నీటిమీద కనిపించని గీత ఒకటి ఉన్నది. 2018 నవంబరులో ఆ గీత దాటినారని మనవారిని పాకిస్తాన్ అధికారులు నిర్బంధించగా, 2020 జనవరిలో ఇరవైమంది విడుదలై ఇల్లు చేరినారు. చేప ఎక్కడ ఉన్నదో తెలిస్తే చాలదు. ఎంతదూరం పోవచ్చునో కూడ తెలియవలెను. పద్నాలుగు నెలలు ఆ ఇండ్లలో ఆడవారు పడిన యాతనను తలచుకొంటే, ఆ పాఠం ముందే చెప్పేవారు లేకపోవడం ఎంతటి నష్టమో అర్థమవుతుంది.

కావున ఈ రజతోత్సవ సమయాన మీకు రెండు విన్నపాలు చేయదలచినాను. మన ఊరి చెరువులో ఏ కాలాన ఏ చేప పడుతుందో, ఏ గాలికి వాన వస్తుందో, వలకన్ను ఎంత ఉండవలెనో తెలిసిన వృద్ధులు ఇంకా మన మధ్య ఉన్నారు. వారిలో అక్షరం రానివారు ఉండవచ్చును. వారిని ఈ గ్రంథాలయానికి సగౌరవంగా పిలిచి, కుర్చీ వేసి, వారు చెప్పినది చెప్పినట్లు యువకులు వ్రాసిపెట్టవలెను. చెప్పినవారి పేరు మొదటి పుటలో ఉండవలెను. ఇది నా మొదటి విన్నపం. పొట్టకూటికి ఇతర దేశాలకు, ఇతర తీరాలకు పోయిన మన బిడ్డలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, అక్కడి నీటిని గురించి, చట్టాన్ని గురించి, తమకు దారి చూపిన మనుషులను గురించి ఇక్కడ కూర్చుండి చెప్పవలెను. తరువాత పోయేవారికోసం దానినీ వ్రాసిపెట్టవలెను. ఇది రెండవది.

ఈ రెండు పనులకు పెద్ద ధనం అక్కరలేదు. ఒక తెల్లకాగితాల పుస్తకం, ఒక కలం, ఓపికగా వినే ఒక యువకుడు ఉంటే చాలును. స్వర్ణోత్సవం నాటికి ఆ పుస్తకాలు ఈ బీరువాలలో ఒక వరుస నిండవలెనని ఆకాంక్షిస్తున్నాను.